లింకన్ తాతగారి ఐదు వేల ఎకరాలు

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్ళలో చాలామంది సంతకాల రోజున చేతికిచ్చిన కాగితాల కట్ట పూర్తిగా చదవరు. చదివితే అందులో టైటిల్ ఇన్సూరెన్స్ అని ఒక పద్దు కనిపిస్తుంది. ఇంటికి నిప్పంటుకుంటే ఇన్సూరెన్స్, వరదొస్తే ఇన్సూరెన్స్ అంటే అర్థముంది. డబ్బులిచ్చి, రిజిస్ట్రేషన్ చేయించుకుని కొన్న ఇల్లు నాదేనా కాదా అన్నదానికి కూడా ఇన్సూరెన్స్ ఏమిటండీ? ఇంత పెద్ద దేశంలో ఏ ఇల్లు ఎవరిదో తేల్చి చెప్పే డేటాబేస్ ఒకటి లేదా?

లేదు. చాలా రాష్ట్రాల్లో కౌంటీ ఆఫీసు చేసే పని దస్తావేజు తీసుకుని రికార్డులో ఎక్కించుకోవడం వరకే. రాసిచ్చినవాడికి అసలు హక్కుందా అన్నదానికి అది పూచీ పడదు. మన ఫీల్డ్ భాషలో చెప్పాలంటే అక్కడ ఉన్నది లాగ్ ఫైలు. ఇవాళ ఓనరెవరో తెలియాలంటే ఆ లాగ్ మొత్తం పాతకాలం నుంచి చదువుకుంటూ రావాలి. మనవైపు లింక్ డాక్యుమెంట్లు చూడడం అంటామే, అదన్నమాట. ఈ లింకుల్లో అమ్మకాలు ఎంతో కొంత నయం. ఒక తేదీ ఉంటుంది, సంతకాలు ఉంటాయి. మనిషి పోయినచోటే వస్తుంది చిక్కు. ఎవరు వారసులు, ఎంతమంది, ఎవరి వాటా ఎంత, అందరూ సంతకం పెట్టారా?

ఈ తిప్పలు ఎక్కడ మొదలయ్యాయో చూద్దామని కొన్నాళ్ళుగా అమెరికా పడమటి భూముల చరిత్ర చదువుతున్నాను. ఫ్రాంటియర్ అనగానే మనకి గుర్రాలు, తుపాకులు, క్లింట్ ఈస్ట్‌వుడ్ గుర్తొస్తారు. చదువుతుంటే మాత్రం అక్కడ తుపాకులకంటే వకీళ్ళకే ఎక్కువ పని ఉండేదేమో అనిపించింది. చట్టాలు వరసపెట్టి చెప్తే నిద్రొస్తుంది కాబట్టి అందరికీ తెలిసిన ఒక కుటుంబం కథగా చెప్తాను. అబ్రహాం లింకన్ కుటుంబం.

లింకన్ తాతగారి పేరు కూడా అబ్రహాం లింకనే. వర్జీనియాలో ఉన్న పొలం అమ్ముకుని 1782 ప్రాంతంలో కెంటకీకి వలస వెళ్ళాడు. కెంటకీ అప్పటికింకా వేరే రాష్ట్రం కాదు, వర్జీనియాలో భాగమే (1792లో విడిపోయింది). అంతకుముందు 1779లో వర్జీనియా ఒక భూచట్టం చేసింది. యుద్ధంతో ఖజానా ఖాళీ అయింది, చేతిలో ఉన్నదల్లా పడమటి అడవులు. అంచేత వారంట్లు అమ్మడం మొదలుపెట్టింది. వారంటు అంటే ఇన్ని ఎకరాలు తీసుకోవచ్చు అన్న కాగితం. ఎక్కడ అన్నది అందులో ఉండదు. కొన్నవాడే అడవిలోకి వెళ్ళి, నచ్చిన చోటు చూసుకుని, సర్వేయరు పుస్తకంలో రాయించి, సొంత ఖర్చుతో కొలిపించుకుని, ఆ తర్వాత పట్టా తెచ్చుకోవాలి.

అమ్మేముందు ప్రభుత్వం ఆ భూమిని ఒక్కసారి కూడా కొలవలేదు. హద్దులు మన పాత దస్తావేజుల్లో చెక్కుబందీ రాసినట్టు ఫలానా వాగు, ఫలానా ఓక్ చెట్టు, అక్కణ్ణించి ఇన్ని కోలలు ఈశాన్యానికి అని ఉండేవి. చెట్టు పడిపోతుంది, వాగు దారి మారుతుంది. పైగా ఒకడు రాయించుకున్న చోటే ఇంకొకడు రాయించుకున్నా ఆపే నాథుడు లేడు. పెంకుటింటి మీద పెంకుల్లాగా ఒక హక్కు మీద ఇంకో హక్కు పేరుకుపోయింది. కెంటకీకి దారి వేసిన డేనియల్ బూన్ స్వయంగా సర్వేలు చేసినవాడు. అంతటివాడు కూడా ఈ తగాదాల్లో భూములు పోగొట్టుకుని 1799లో, అప్పటికి స్పెయిన్ చేతిలో ఉన్న మిస్సోరీకి వెళ్ళిపోయాడు.

లింకన్ తాతగారు ఈ పద్ధతిలోనే ఐదు వేల ఎకరాలకి పైగా సంపాదించాడు. 1786 మే నెలలో ముగ్గురు కొడుకులతో కలిసి చేలో పనిచేస్తుంటే స్థానిక తెగవాళ్ళు కాల్పులు జరిపారు, ఆయన అక్కడికక్కడే చనిపోయాడు. పెద్దవాడు మోర్డకై ఇంట్లోకి పరిగెత్తి తుపాకి తీసుకుని, తండ్రి శవం పక్కన ఉన్న ఎనిమిదేళ్ళ తమ్ముణ్ణి ఎత్తుకుపోబోతున్నవాణ్ణి కాల్చాడు. ఆ పిల్లాడే థామస్, అంటే మన లింకన్ తండ్రి. ఆ కుటుంబంలో ఈ కథ తరతరాలుగా చెప్పుకున్నారు. నన్ను ఆపేసింది మాత్రం ఆ తర్వాత జరిగిన సంగతి.

తాతగారు వీలునామా రాయలేదు. వర్జీనియాలో అప్పటికి ఇంగ్లండు నుంచి వచ్చిన పాత పద్ధతే అమల్లో ఉంది. వీలునామా లేకుండా పోతే భూమంతా పెద్దకొడుకుది. రెండోవాడికీ, మూడోవాడికీ, ఆడపిల్లలకీ సెంటు భూమి కూడా రాదు. ఈ పద్ధతి తీసెయ్యాలని థామస్ జెఫర్సన్ పట్టుబట్టాడు, 1785లో చట్టం కూడా అయిపోయింది. కాకపోతే అది అమల్లోకి వచ్చింది 1787 జనవరి 1న. మే 1786కీ దానికీ మధ్య ఎనిమిది నెలలు. ఆ పెద్దాయన ఇంకో ఎనిమిది నెలలు బతికుంటే ఆ భూమి ఐదుగురు పిల్లల మధ్యా సమానంగా పంచాల్సి వచ్చేది. కాగితం లెక్కలో తలా వెయ్యి ఎకరాలు. ఆ హక్కుల్లో కోర్టు తగాదాలు దాటి ఎన్ని నిలబడేవో దేవుడికెరుక, అయినా అసలేమీ లేకపోవడం కంటే నయమే కదా.

చట్టం ప్రకారం మోర్డకై భూస్వామి అయ్యాడు. అదే ఇంట్లో పుట్టి, అదే పూట తండ్రిని పోగొట్టుకున్న థామస్ కూలిపనులు చేసుకుంటూ ఊళ్ళు తిరిగాడు. తండ్రికి చదువు అబ్బలేదనీ, తన పేరు కూడా కష్టమ్మీద రాసేవాడనీ లింకన్ తర్వాత 1860లో రాసుకున్నాడు. జీవో అమలు తేదీ ఎప్పుడైతే ఏంటి అనుకుంటాం మనం. ఒక తేదీ ఒక ఇంటిని రెండు తరాలపాటు ఎలా చీల్చగలదో చూడండి.

ఇక థామస్ సొంత కష్టం మీద భూములు కొన్నాడు. 1803లో మిల్ క్రీక్ దగ్గర 238 ఎకరాలు 118 పౌండ్లకి. సర్వే నమోదులో తప్పుండటంతో చివరికి అందులో 38 ఎకరాలు పోయాయి, 1814లో మిగిలిన 200 ఎకరాలూ 100 పౌండ్లకి అమ్ముకున్నాడు. 1808లో సింకింగ్ స్ప్రింగ్ దగ్గర సుమారు 300 ఎకరాలు 200 డాలర్లకి కొన్నాడు. లింకన్ పుట్టింది అక్కడే, 1809 ఫిబ్రవరి 12న. ఆ భూమి మీద అంతకుముందటి ఓనరు తాలూకు బాకీ ఒకటి తేలింది, కోర్టు వ్యవహారమైంది, థామస్ చేతికి రాలేదు. ఆ తర్వాత నాబ్ క్రీక్ దగ్గర కాపురం పెట్టాడు. 1815లో ఎక్కడో ఫిలడెల్ఫియాలో ఉన్న మిడిల్టన్ అనేవాడి వారసులు ఈ భూమంతా మా పెద్దాయనదీ, ఖాళీ చెయ్యండీ అని థామస్ మీదా, చుట్టుపక్కల రైతుల మీదా దావా వేశారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. సొంత తండ్రికి వారసుడై ఉండీ థామస్‌కి భూమి రాలేదు. కొనుక్కున్నాక, ఎవరో ముక్కూమొహం తెలియనివాడి వారసులు వచ్చి ఇది మాదన్నారు. రెండు వైపులా దెబ్బ కొట్టింది వారసత్వమే. 1816లో థామస్ కెంటకీ వదిలేశాడు. బానిసత్వం కొంత కారణమైనా, ముఖ్య కారణం అక్కడి భూమి హక్కుల గొడవేనని లింకనే చెప్పాడు. అమెరికా చరిత్ర పుస్తకాల్లో ఈ రెండో ముక్కకి దక్కాల్సినంత చోటు దక్కలేదని నా అభిప్రాయం.

థామస్ ఓహయో నది దాటి ఇండియానాకి వెళ్ళాడు. నదికి అవతల వ్యవస్థే వేరు. 1785లో కేంద్ర ప్రభుత్వం ల్యాండ్ ఆర్డినెన్స్ చేసింది. దాని సారం ఒక్క ముక్కలో: ముందు కొలుద్దాం, తర్వాత అమ్ముదాం. నేలంతా ఆరు మైళ్ళ చదరపు టౌన్‌షిప్పులు, ఒక్కోదాంట్లో 36 సెక్షన్లు, సెక్షనుకి 640 ఎకరాలు. 16వ సెక్షను బడి కోసం. కొలిచింది 66 అడుగుల గంటర్ గొలుసుతో. అన్నట్టు మన సెంటూ గుంటా ఈ గొలుసు కొలతకే అమరుతాయి. పది చదరపు గొలుసులు ఎకరం. గొలుసుకి నూరు లింకులు కాబట్టి వెయ్యి చదరపు లింకులు ఒక సెంటు. అర గొలుసు పొడవు, అర గొలుసు వెడల్పు ఉన్న ముక్క ఒక గుంట.

ఇండియానాలో థామస్ తీసుకున్న భూమి చిరునామా ఇది: టౌన్‌షిప్ 4 దక్షిణం, రేంజ్ 5 పడమర, సెక్షన్ 32, నైరుతి పాతిక. అంతే. ఓక్ చెట్టు లేదు, వాగు లేదు. ప్రతి ముక్కకీ ఒక్కటే అడ్రసు, ఒక అడ్రసుకి ఒక్కటే ముక్క. కెంటకీ టేబుల్‌కి ప్రైమరీ కీ లేదు, ఇండియానా టేబుల్‌కి ఉంది అనుకోండి. 1817 అక్టోబరులో విన్సెన్స్ ల్యాండ్ ఆఫీసుకి వెళ్ళి 160 ఎకరాలకి, ఎకరం రెండు డాలర్ల చొప్పున, ముందు 16 డాలర్లు, డిసెంబరులో ఇంకో 64 కట్టాడు. మిగతాది కట్టలేక 1827లో సగం వెనక్కిచ్చేసి 80 ఎకరాలకి పట్టా తెచ్చుకున్నాడు. ఐదు వేల ఎకరాల పెద్దమనిషి కొడుక్కి ఎవరూ వేలెత్తి చూపలేని ఎనభై ఎకరాలు దక్కడానికి నలభై తొమ్మిదేళ్ళ వయసొచ్చింది.

నదికి ఉత్తరాన వారసత్వం రూలు కూడా మారింది. 1787లో వచ్చిన నార్త్‌వెస్ట్ ఆర్డినెన్స్‌లో గవర్నరు గురించీ కోర్టుల గురించీ చెప్పడానికంటే ముందే ఆస్తి ఎలా పంచాలో ఉంది. వీలునామా లేకపోతే కొడుకులకీ కూతుళ్ళకీ సమాన వాటాలు. ముందే పోయిన బిడ్డ వాటా ఆ బిడ్డ పిల్లలకి. భార్యకి భూమిలో మూడోవంతు మీద జీవితాంతం హక్కు. వీలునామాకి ముగ్గురు సాక్షులు, అమ్మకానికి ఇద్దరు, పైగా రిజిస్టరు చేయించాలి. కొత్త దేశం కట్టుకుంటున్నవాళ్ళు చావు గురించి మొదటి పేజీలోనే రాసుకోవడం నాకు బాగా నచ్చింది. 1862లో లింకన్ సంతకం పెట్టిన హోమ్‌స్టెడ్ చట్టంలో కూడా ఇంతే. ఐదేళ్ళు సాగు చేస్తే 160 ఎకరాలు. మధ్యలో మనిషి పోతే భార్యో వారసులో పూర్తిచేసి పట్టా తీసుకోవచ్చని అందులోనే ఉంది.

సమాన వాటాలు అనగానే సమస్య తీరిపోయిందనుకోకండి. 80 ఎకరాల రైతు ఎనిమిదిమంది పిల్లల్ని వదిలి పోతే తలా పది ఎకరాలతో ఎవడూ బతకలేడు. అంచేత ఒకరు పొలంలో ఉండేవారు, మిగతావాళ్ళు అంతో ఇంతో తీసుకుని క్విట్‌క్లెయిమ్ రాసిచ్చేవారు, మన హక్కు విడుదల పత్రం లాంటిది. ఒకడు మిస్సోరీ పోయాడు, ఒకమ్మాయి పెళ్ళి చేసుకుని అయోవా పోయింది, వాళ్ళ సంతకాలు తేవడానికి నెలలు పట్టేది. ఒక్క సంతకం తగ్గినా ముప్ఫై ఏళ్ళ తర్వాత ఎవరో మనవడు వచ్చి తలుపు కొట్టొచ్చు. భార్య సంతకం మరీ ముఖ్యం. మొగుడు భూమి అమ్మినా ఆవిడ మూడోవంతు హక్కు పోదు. అందుకే చాలాచోట్ల మేజిస్ట్రేటు ఆవిణ్ణి పక్కకి పిలిచి, మొగుడు లేకుండా, ఇష్టపడే చేస్తున్నావా అని అడిగి రాసుకునేవాడు. పెళ్ళైన ఆడదానికి సొంతంగా ఆస్తి అమ్ముకునే హక్కులేని కాలంలో చట్టం ఆవిడ మాట విడిగా అడిగే సందర్భం బహుశా ఇదొక్కటే.

ఇప్పటిదాకా చెప్పినదంతా రికార్డుల్లోకి ఎక్కినవాళ్ళ కథ. ఎక్కనివాళ్ళు ఇద్దరున్నారు.

మొదటివాళ్ళు బానిసలు. వాళ్ళు రికార్డుల్లో ఉన్నారు, కానీ ఆస్తిగా. వర్జీనియాలో 1705 చట్టం, కెంటకీలో 1798 చట్టం వారసత్వం విషయంలో బానిసల్ని స్థిరాస్తి కింద లెక్కకట్టాయి. అంటే ఓనరు చనిపోతే భూమి పంచినట్టే మనుషుల్నీ పంచుతారు. తల్లి ఒక కొడుకు వాటాకి, బిడ్డ ఇంకొకడి వాటాకి. పైన సమాన వాటాలని మెచ్చుకున్నాను కదా, అదే సమానత్వం ఇక్కడ తల్లీబిడ్డల్ని విడదీసే కత్తి అయింది.

రెండోవాళ్ళు ఆ నేల అసలు మనుషులు. థామస్ ఎనభై ఎకరాలకి లింక్ డాక్యుమెంట్లు వెనక్కి చదివితే మొదట వచ్చేది తెగలతో 1804లో విన్సెన్స్‌లో రాయించుకున్న ఒప్పందం. వాళ్ళ హక్కుని కోర్టు ఎలా చూసిందో తెలియాలంటే 1823 నాటి జాన్సన్ వర్సెస్ మెకింటాష్ కేసు చూడాలి. ఇది కూడా వారసుల కేసే. మేరీలాండ్ మొదటి గవర్నరు థామస్ జాన్సన్ ఇంకొందరితో కలిసి 1770లలో పియాంకషా తెగ దగ్గర భూమి కొన్నాడు. ఆయన పోయాక వారసులు దావా వేశారు. ఎదుటివాడు మెకింటాష్, అతను కొన్నది కేంద్ర ప్రభుత్వం దగ్గర. తెగలకి నేల మీద ఉండే హక్కే తప్ప ఎవరికి పడితే వారికి అమ్మే హక్కు లేదనీ, వాళ్ళ నుంచి ప్రభుత్వం మాత్రమే తీసుకోగలదనీ చీఫ్ జస్టిస్ జాన్ మార్షల్ తీర్పిచ్చాడు. విచిత్రమేమిటంటే తర్వాత పరిశోధకులు మ్యాపు మీద గీసి చూస్తే ఈ రెండు పార్టీల భూములూ అసలు ఒకదాని మీద ఒకటి పడలేదు. లేని తగాదా మీద వచ్చిన తీర్పుతో, ఉన్న మనుషుల హక్కు పోయింది. పియాంకషా వాళ్ళు ఆ కేసులో పార్టీ కూడా కాదు.

1887లో డాస్ చట్టంతో ఉమ్మడిగా ఉన్న రిజర్వేషన్ భూముల్ని విడగొట్టి మనిషికింత అని కేటాయించారు. ఆ భూములు ప్రభుత్వ ట్రస్టులో ఉండేవి కాబట్టి క్విట్‌క్లెయిమ్ రాసుకుని ఒకళ్ళ పేరు మీదకి తెచ్చుకునే దారి అంత సులభం కాదు. తండ్రి పోతే పిల్లలకి, పిల్లలు పోతే వాళ్ళ పిల్లలకి, నేల అలాగే ఉండి వాటాలు మాత్రం చీలుతూ పోయాయి. 1987లో హోడెల్ వర్సెస్ ఇర్వింగ్ అనే కేసు తీర్పులో సుప్రీంకోర్టు ఒక 40 ఎకరాల ముక్క గురించి చెప్పింది. దానికి 439 మంది ఓనర్లు. ఏడాదికి వచ్చే ఆదాయం 1,080 డాలర్లు. వాటాలు లెక్కకట్టడానికి వాడిన హారం 3,39,492 కోట్ల 38 లక్షల 40 వేలు. అందరికంటే చిన్న వాటాదారుడికి వచ్చేది 177 ఏళ్ళకి ఒక సెంటు, అంటే డాలరులో నూరోవంతు. ఆ హారం 32 బిట్ ఇంటిజర్‌లో పట్టదు. మొదటిసారి చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది, తర్వాత ఆ 439 మందిలో ఒక్కడు కూడా ఆ నేల మీద తనంతట తాను గుడిసె వేసుకోలేడని అర్థమై నవ్వు ఆగిపోయింది.

సరే, మళ్ళీ లింకన్ దగ్గరికి వద్దాం. ఈయన కూడా కొన్నేళ్ళు సర్వేయరుగా పనిచేశాడు, 1833 నుంచి ఇల్లినాయ్‌లో. తర్వాత వకీలయ్యాడు. 1841లో తండ్రి దగ్గర 40 ఎకరాలు 200 డాలర్లకి కొన్నాడు, తల్లిదండ్రులు బతికున్నన్నాళ్ళూ వాళ్ళే అనుభవించేలా రాయించి. ఆయనకి అక్కర్లేని భూమి అది, డబ్బు సాయం చెయ్యడానికి అదొక మర్యాదైన దారి. 1851 జనవరిలో థామస్ పోయాడు. ఆగస్టులో లింకన్ మిగతా 80 ఎకరాల్లో తన వాటా సవతి తల్లి కొడుకు జాన్ జాన్‌స్టన్‌కి ఒక్క డాలరుకి రాసిచ్చేశాడు, సవతి తల్లి శారా హక్కుకి లోబడి అని షరతు పెట్టి. జాన్‌స్టన్ అదంతా అమ్మేసి మిస్సోరీ పోతానన్నాడు, ఆ 40 ఎకరాలు కూడా అమ్మేద్దామన్నాడు. నవంబరులో లింకన్ రాసిన ఉత్తరాలు చదవండి, మనిళ్ళల్లో పెద్దన్నయ్య తమ్ముణ్ణి తిట్టినట్టే ఉంటాయి. నీ వాటా నీ ఇష్టం, ఆ నలభై మాత్రం అమ్మ బతికున్నన్నాళ్ళూ కదిలించను అన్నది సారాంశం. ఆ అమ్మ కన్నతల్లి కాదు. ఆవిడ 1869 దాకా బతికింది.

వారసత్వం వల్ల తండ్రి ఏం పోగొట్టుకున్నాడో చూసినవాడు, తమ్ముడి కోసం ఎంత వదులుకోవాలో, తల్లి కోసం ఎంత వదులుకోకూడదో అంత స్పష్టంగా గీత గీశాడు. చట్టం చెప్పే సమాన వాటా ఒక డిఫాల్ట్ మాత్రమే. దాని పైన ఎవరికి అవసరమో చూసి, నోటిమాటగా కాకుండా కాగితం మీద పెట్టడం కుటుంబం చెయ్యాల్సిన పని. ఈ రెండోది లేనిచోట అన్నదమ్ములు కోర్టుల చుట్టూ తిరుగుతారు, ఆ తర్వాత వాళ్ళ పిల్లలు తిరుగుతారు. 1876లో ఫిలడెల్ఫియాలో మొదటి టైటిల్ ఇన్సూరెన్స్ కంపెనీ పుట్టిందంటే, ఇలా వదిలేసిన ముళ్ళు విప్పడం మావల్ల కాదు, పరిహారం కడతాం అని వ్యాపారం ఒప్పుకోవడమే. కెంటకీ దస్తావేజుల్లో ఇవాళ్టికీ హద్దులు వర్ణించే పద్ధతే. ఇండియానాలోనో ఇల్లినాయ్‌లోనో ఇల్లు కొన్నవాళ్ళు మీ కాగితాల్లో చూసుకోండి, సెక్షన్, టౌన్‌షిప్, రేంజ్ అని కనిపించవచ్చు.

చివరిగా ఒక్క సంగతి. ఇంత తెలిసిన వకీలు లింకన్, 1865 ఏప్రిల్‌లో చనిపోయేనాటికి వీలునామా రాయలేదు. తాతలాగే తుపాకి గుండుకి, తాతలాగే వీలునామా లేకుండా పోయాడు. ఆస్తి సుమారు 1,10,000 డాలర్లు. ఆయన మిత్రుడు జడ్జి డేవిడ్ డేవిస్ లెక్కలు చూసి 1867లో పంచాడు. భార్య మేరీకీ, పెద్దవాడు రాబర్ట్‌కీ, చిన్నవాడు టాడ్‌కీ సరిగ్గా తలా మూడోవంతు. 1786లో ఎనిమిదేళ్ళ థామస్‌కి దక్కనిది, 1865లో పన్నెండేళ్ళ టాడ్‌కి దక్కింది. ఈ డెబ్భై తొమ్మిదేళ్ళలో ఆ ఇంటి పెద్దల అజాగ్రత్త ఏమీ మారలేదు, చట్టంలో ఒక్క రూలు మారింది. మంచి డిఫాల్ట్ ఎంత పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? అయినా సరే, డిఫాల్ట్‌ని నమ్ముకోకండి. మీ పేరు మీద గజం స్థలమున్నా ఒక కాగితం రాసిపెట్టండి.